డంపర్ ఇంజన్‌లో ఆయిల్ ఎప్పుడూ తాజాగా ఉండాలంటే: ఆటోమేటిక్ ఏర్పాటుకు సమగ్ర మార్గదర్శి

ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే పెద్ద డంపర్‌కు ఇంజన్ ఆయిల్ మార్చడం చిన్న పని కాదు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లో 100 లీటర్లకు పైగా పడుతుంది. 250 గంటలు తిరగగానే బండిని షెడ్డుకు తేవాలి, కాలుతున్న ఆయిల్‌ను దింపాలి, ఫిల్టర్లు మార్చాలి, మళ్లీ అంత ఆయిల్ పోయాలి. ఆ పూటంతా బండ్లు నింపే షావెల్ దగ్గర ఒక బండి తక్కువే. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లాంటి చోట రోజుకు 20 గంటలు తిరిగే బండికి ఈ వంతు రెండు వారాలు తిరక్కముందే వచ్చేస్తుంది.

దీనికి ఒక దారి ఉంది. అంతా ఒకేసారి దింపి పోయకుండా, ఇంజన్ నడుస్తుండగానే కొంచెం పాత ఆయిల్ బయటికి వెళ్లేలా, అంతే కొత్త ఆయిల్ లోపలికి వచ్చేలా చేయడం. కమిన్స్, క్యాటర్‌పిల్లర్ లాంటి కంపెనీలు తమ పెద్ద ఇంజన్లకు ఈ ఏర్పాటు ఎప్పుడో తెచ్చాయి. కానీ బిగించేశాం, ఇక పని లేదు అనుకున్న చోట ఇదే ఇంజన్‌ను తినేస్తుంది. అందుకే బిగించడం కంటే లెక్క, పుస్తకం గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఆయిల్‌లో పాడయ్యేది ఏమిటి

ఆయిల్ దానంతట అది అంత త్వరగా చెడదు. దాంట్లో చేరేవి దాన్ని చెడగొడతాయి. డీజిల్ మండగా వచ్చే మసి చేరుతుంది. ఎయిర్ ఫిల్టర్ గొట్టం క్లిప్ వదులైతే దుమ్ము చేరుతుంది. నాజిల్ కారితే డీజిల్, హెడ్ గ్యాస్కెట్ పోతే కూలెంట్ నీళ్లు కలుస్తాయి. మరోవైపు, యాసిడ్‌ను చంపడానికి, మసి ముద్దకట్టకుండా ఉంచడానికి ఆయిల్‌లో కంపెనీ వేసిన అడిటివ్‌లు రోజూ కొంత ఖర్చవుతూ ఉంటాయి. యాసిడ్‌ను తట్టుకునే శక్తికి కొలత టీబీఎన్. మామూలు 15డబ్ల్యూ-40 గ్రేడు డీజిల్ ఇంజన్ ఆయిల్‌కు కొత్తలో అది 10 దగ్గర ఉంటుంది. సగానికి పడితే ఆయిల్ మార్చే సమయం వచ్చినట్టే.

పాత పద్ధతిలో ఆయిల్ మార్చిన మొదటి రోజు ఇంజన్‌కు అమృతం దొరుకుతుంది, చివరి వారం బురద దొరుకుతుంది. కొద్దికొద్దిగా మార్చే పద్ధతిలో అమృతం ఎప్పుడూ ఉండదు, బురదా ఉండదు. ఒక మధ్యస్థ స్థితిలో ఆయిల్ నిలబడుతుంది. ఆ స్థితి ఎక్కడ ఉండాలో మనమే తేల్చాలి.

మూడు వేర్వేరు పనులు, మూడు వేర్వేరు పరికరాలు

షెడ్డుల్లో ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడతారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. మొదటిది లెవెల్ నిలబెట్టేది: ఆయిల్ తగ్గితే పక్క ట్యాంకు నుంచి తానే పోస్తుంది. రెండోది శుభ్రం చేసేది: బైపాస్ ఫిల్టర్ గానీ, ఆయిల్‌ను వేగంగా తిప్పి మసిని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ గానీ. మామూలు ఫిల్టర్ పెద్ద నలుసుల్నే ఆపుతుంది, మసి అందులోంచి హాయిగా జారిపోతుంది. బైపాస్ ఫిల్టర్ పంపు ప్రవాహంలో పదో వంతో అంతకన్నా తక్కువో తీసుకుని, 5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి మురికిని కూడా నెమ్మదిగా పట్టుకుంటుంది. మూడోది మార్చేది: కొలిచి పాత ఆయిల్ తీసి, అంత కొత్తది చేర్చేది.

శుభ్రం చేసే పరికరం అరిగిపోయిన అడిటివ్‌లను తిరిగి ఇవ్వలేదు. మార్చే పరికరం మురికిని పలచన చేస్తుందే కానీ వడకట్టదు. లెవెల్ పరికరం ఈ రెండూ చేయదు. పెద్ద డంపర్‌కు మూడూ కలిపి పెడితేనే ఫలితం.

మీ బండికి ఇది నప్పుతుందా? ముందు ఇది తేల్చుకోండి

తీసిన పాత ఆయిల్ ఎక్కడికి పోతుంది? చాలా ఏర్పాట్లలో డీజిల్ రిటర్న్ లైన్లోకి, అక్కడి నుంచి ట్యాంకులోకి వెళ్లి డీజిల్‌తో పాటు కాలిపోతుంది. పాత తరం డంపర్ ఇంజన్‌కు అది సరే. రోడ్డు మీద తిరిగే బీఎస్-6 లారీకి, టిప్పర్‌కు మాత్రం ఈ పని చేయకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ బండ్లలో సైలెన్సర్ దగ్గర మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. మసి దాంట్లో కాలిపోతుంది గానీ, ఆయిల్ అడిటివ్‌లలోని కాల్షియం, జింక్ లాంటివి కాలవు, బూడిదై అందులోనే పేరుకుపోతాయి. దాన్ని బాగు చేయించేసరికి ఆయిల్‌లో మిగిల్చిందంతా పోతుంది. డీజిల్‌ను చాలా ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మే కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టర్ సందులు చాలా సన్నం, వాటికీ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప పెట్టకూడదు.

మీది రోడ్డు టిప్పర్ అయితే బైపాస్ ఫిల్టర్ ఒక్కటి ఆలోచించండి, అదీ వారంటీ వాళ్లను అడిగాకే. కింద చెప్పే బైపాస్ భాగం, శాంపిల్ భాగం మీకు పనికొస్తాయి. మిగతాదంతా డంపర్లకు, అలాంటి పెద్ద ఇంజన్లకు.

మొదటి అడుగు: ఏమీ బిగించకముందు మూడు శాంపిళ్లు

ఇప్పుడు మీ ఇంజన్ గంటకు ఎంత మసి ఆయిల్‌లోకి పంపిస్తోందో తెలియకుండా ఎంత ఆయిల్ మార్చాలో ఎలా చెబుతాం? వరసగా మూడు సర్వీసుల్లో, ఆయిల్ దింపే ముందు శాంపిల్ తీయించండి.

ఇంజన్ వేడిగా ఉండి నడుస్తుండగా, ఫిల్టర్‌కు ముందున్న పోర్టు నుంచి తీయాలి. ముందు వచ్చే కొంచెం ఆయిల్‌ను వేరే డబ్బాలోకి వదిలేసి, తర్వాతది శుభ్రమైన సీసాలో పట్టాలి. దింపుతున్నప్పుడు అడుగు నుంచి పట్టిన ఆయిల్ రిపోర్టు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. సీసా మీద మూడు సంగతులు రాయండి: ఇంజన్ గంటలు, ఈ ఆయిల్ నడిచిన గంటలు, మధ్యలో టాపప్ చేసిన లీటర్లు. మూడోది ఎవరూ రాయరు, కానీ అదే ముఖ్యం. మధ్యలో 40 లీటర్ల కొత్త ఆయిల్ పోస్తే ఇనుము పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని) తగ్గి కనిపిస్తుంది, అరుగుదల మాత్రం తగ్గలేదు.

రిపోర్టులో చూడాల్సినవి: మసి శాతం, టీబీఎన్, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం, సిలికాన్, ఇనుము, రాగి, సీసం, సోడియం. 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. కిందికి పడితే డీజిల్ కలుస్తోందేమో అనుమానించాలి, పైకి పోతే మసి ఎక్కువైనట్టో, ఆయిల్ మాడినట్టో. సిలికాన్, ఇనుము కలిసి పెరిగితే ఎయిర్ ఫిల్టర్ వైపు చూడండి. సోడియం పెరిగితే కూలెంట్.

ఈ రోగాల్లో ఏ ఒక్కటి ఉన్నా ముందు దాన్ని బాగు చేయండి. రోగమున్న ఇంజన్‌కు ఆటోమేటిక్ ఏర్పాటు పెడితే ఆ రోగం దాని వెనక దాక్కుంటుంది.

రెండో అడుగు: గంటకు ఎంత మార్చాలి

దీనికి చెరువు లెక్క చాలు. చెరువు నిండా నీళ్లున్నాయి, ఒక వైపు కాలువ నుంచి కొత్త నీళ్లు వస్తున్నాయి, తూము నుంచి అన్నే పోతున్నాయి. చెరువు మట్టం మారదు. లోపలి నీళ్ల సగటు వయసు ఎంత? చెరువు పరిమాణాన్ని గంటకు వచ్చే నీళ్లతో భాగిస్తే అదే.

ఛాంబర్ 120 లీటర్లు అనుకుందాం. గంటకు 0.3 లీటరు మారిస్తే, 120ని 0.3తో భాగించగా 400. అంటే ఎంత కాలం నడిచినా లోపలి ఆయిల్ సగటు వయసు 400 గంటల దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు శాంపిల్ రిపోర్టు తీయండి. 250 గంటలకు మసి 1.2 శాతం వచ్చిందనుకుంటే 100 గంటలకు 0.48 చొప్పున. 400 గంటల వయసుకు 1.9 శాతం. టీబీఎన్ 250 గంటల్లో 10 నుంచి 7.5కి పడిందనుకుంటే 100 గంటలకు ఒకటి చొప్పున, 400 దగ్గర 6. ఇంజన్ కంపెనీ హద్దు మసికి 3 శాతం అయితే ఇది బాగానే ఉంది. బైపాస్ ఫిల్టర్ పట్టే మసిని ఈ లెక్కలో కలపలేదు, అది మనకు అదనపు రక్షణగా ఉండనివ్వండి. ఇంజన్ మామూలుగా తాగే ఆయిల్‌ను కూడా కలపకండి.

ఇక ఆదా సంగతి. 2,000 గంటల్లో పాత పద్ధతిలో 8 సార్లు దింపితే 960 లీటర్లు. గంటకు 0.3 చొప్పున 600 లీటర్లు, చివర ఒకసారి మొత్తం మార్చడానికి 120, కలిపి 720. అంటే 240 లీటర్లు మిగులు. భయం కొద్దీ గంటకు 0.4 పెడితే 800కి 120 కలిపి 920 అవుతుంది, ఆయిల్‌లో మిగులు దాదాపు పోతుంది. అప్పుడు కలిసొచ్చేది బండి షెడ్డులో నిలబడని సమయమే. అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు, మీరే కాగితం మీద వేసి చూడండి. ఒక్కో గనిలో ఆ నిలబడని సమయమే ఆయిల్ కంటే ఖరీదు, అక్కడ 0.4 కూడా మంచి నిర్ణయమే.

గంటకు 70 లీటర్ల డీజిల్ తాగే ఇంజన్‌లో 0.3 లీటరు ఆయిల్ అంటే అర శాతం కూడా కాదు. అయినా డీజిల్ నల్లబడుతుంది, డీజిల్ ఫిల్టర్లు కొంచెం ముందుగా మూసుకుపోతాయి. స్టోర్లో వాటిని ఎక్కువగా పెట్టుకోండి.

మూడో అడుగు: సెంట్రిఫ్యూజ్ లేదా బైపాస్

సెంట్రిఫ్యూజ్ నాకు బాగా ఇష్టమైన పరికరం. మార్చాల్సిన ఎలిమెంట్ ఉండదు, విడిగా మోటారూ ఉండదు. ఇంజన్ ఆయిల్ ప్రెషరే లోపలి గిన్నెను నిమిషానికి కొన్ని వేల చుట్లు తిప్పుతుంది, మసి గోడకు అతుక్కుని గట్టిపడుతుంది. మన దేశంలో చాలా లారీ ఇంజన్లలో చిన్నది ముందే ఉంటుంది, మూత తీసి కడిగేవాళ్లే కరువు.

బిగించేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి: దాని నుంచి ఆయిల్ ప్రెషర్‌తో రాదు, బరువుతో కిందికి జారుతుంది. రిటర్న్ గొట్టం లావుగా, ఎక్కడా పైకి లేవకుండా, ఛాంబర్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. గొట్టం ఒక్క చోట వంగినా గిన్నె చుట్టూ ఆయిల్ నిలిచిపోయి తిరగడం ఆగిపోతుంది.

తిరుగుతోందో లేదో చెవితో తెలుసుకోవచ్చు. ఇంజన్ ఆపండి, పక్కన అందరూ మాట్లాడకుండా ఉండాలి, మూతకు చెవి దగ్గరగా పెట్టండి. తుమ్మెద దూరంగా పోతున్నట్టు ఒక సన్నటి ఝుంకారం అర నిమిషమో, నిమిషమో వినిపించి తగ్గిపోతుంది. అది వినిపించకపోతే నాజిల్ మూసుకుందనో, బేరింగ్ పట్టేసిందనో అర్థం.

మొదట్లో 250 గంటలకోసారి తెరవండి. లోపల గోడకు నల్లటి పొర ఉంటుంది, ఆరిన రేగడి మట్టిలా, కొంచెం రబ్బరులా సాగుతూ. వెదురు చెక్కతోనో, ప్లాస్టిక్ గరిటెతోనో గీకాలి. స్క్రూడ్రైవర్ పెట్టకండి, గిన్నెకు గాటు పడితే బ్యాలెన్స్ పోతుంది. గీకిన ముద్దను పారేయకముందు వేళ్ల మధ్య నలిపి చూడండి. మెరుపు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఇనుము, లైనరో, గేరో. అతుక్కోకుండా మెరిస్తే బేరింగ్ షెల్స్ మీద అనుమానం పెట్టుకుని వెంటనే శాంపిల్ పంపండి.

బైపాస్ ఫిల్టర్ అయితే మెయిన్ గ్యాలరీ (ఇంజన్‌లో ఆయిల్ పారే ప్రధాన దారి) నుంచి టీ ఆకారపు జాయింట్ ఒకటి తీసుకుని, మధ్యలో ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల సన్నటి రంధ్రమున్న ఫిట్టింగ్ తప్పనిసరిగా పెట్టాలి. గొట్టం తెగినా ఇంజన్ ప్రెషర్ ఒక్కసారిగా పడకుండా కాపాడేది అదే. డీజిల్ గొట్టం వాడకండి, కాలే ఆయిల్‌కు, ప్రెషర్‌కు తట్టుకునే హైడ్రాలిక్ హోస్ కావాలి. బిగించాక వేడి ఇంజన్‌ను ఐడిల్‌లో పెట్టి ప్రెషర్ చూడండి. కంపెనీ చెప్పిన కనీసానికి దగ్గరైతే విప్పేయండి.

నాలుగో అడుగు: కొత్త ఆయిల్ ట్యాంకు, లెవెల్

0.3 లెక్కన రోజుకు 20 గంటలకు 6 లీటర్లు, ఇంజన్ మామూలుగా తాగేది ఇంకో 4 అనుకుంటే రోజుకు 10. 60 లీటర్ల ట్యాంకు ఉంటే నాలుగు రోజులకోసారి నింపితే చాలు. ట్యాంకు టర్బోకు, సైలెన్సర్‌కు దూరంగా ఉండాలి, కారితే మంట. గాలి రంధ్రానికి ఫిల్టర్ ఉండాలి, లేకపోతే బొగ్గు దుమ్మును మన చేత్తోనే ఇంజన్‌లో పోస్తున్నట్టు. నింపేది బకెట్‌తో కాదు, పంపుతో, మూత తీయనవసరం లేని కప్లింగ్ ద్వారా. ఇంజన్‌లో ఉన్న గ్రేడే ట్యాంకులోనూ.

లెవెల్ సెట్ చేయడంలో ఎక్కువ మంది పొరపాటు పడతారు. ఇంజన్ నడుస్తుంటే కొంత ఆయిల్ పైన గ్యాలరీల్లో, హెడ్ మీద తిరుగుతూ ఉంటుంది, ఛాంబర్ మట్టం ఆగి ఉన్నప్పటి కంటే తక్కువే. పరికరాన్ని ఆగి ఉన్న మట్టానికి సెట్ చేస్తే, ఇంజన్ స్టార్ట్ కాగానే ఆయిల్ తగ్గిందనుకుని పోస్తూనే ఉంటుంది. ఇంజన్ ఆపేసరికి పైనుంచి అంతా దిగి, మట్టం హద్దు దాటుతుంది. అప్పుడు తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను కొట్టి నురగ చేస్తుంది. కాబట్టి సమతలం మీద, బాగా వేడెక్కి నడుస్తున్న ఇంజన్‌కు సెట్ చేయాలి.

ఆయిల్ మీద తేలుతూ వాల్వు తెరిచే ఫ్లోట్ రకమైతే దాని పై గాలి గొట్టాన్ని క్రాంక్‌కేసుకే (ఇంజన్ కింది పెట్టెకే) కలపాలి, బయటికి వదిలితే లోపలి ప్రెషర్ వల్ల మట్టం తప్పు చూపిస్తుంది. ట్యాంకు లైన్లో ఇంజన్ నడిస్తేనే కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వు పెట్టండి. వాలులో ఆపిన బండిలో ఫ్లోట్ తెరుచుకుంటే తెల్లారేసరికి ట్యాంకంతా ఛాంబర్‌లో ఉంటుంది. ఎత్తుపల్లాల్లో ఎగిరే డంపర్‌కు ఫ్లోట్ కంటే సెన్సరు, పంపు ఉన్న రకమే మేలని నా అభిప్రాయం.

ఆయిల్ తీసి కాల్చే వాల్వు మాత్రం ఇంజన్ కంపెనీ కిట్టే వాడండి. సొంతంగా టీలు పెట్టి డీజిల్ లైన్లోకి ఆయిల్ వదలడం ప్రమాదం.

ఐదో అడుగు: మొదలుపెట్టడం

సగం వాడిన ఆయిల్ మీద ఈ ఏర్పాటును మొదలుపెట్టకండి. ఛాంబర్‌కు సరిపడా 120 లీటర్లు మారిన తర్వాత కూడా, కలిసిపోతూ మారుతుంది కాబట్టి, లోపల 37 శాతం మొదటి ఆయిలే ఉంటుంది. రెండింతలు మారినా 13 శాతం పైనే మిగులుతుంది. పూర్తిగా దింపి, ఫిల్టర్లు మార్చి, కొత్త ఆయిల్‌తో మొదలుపెట్టాలి. మొదటి వెయ్యి గంటలు 250కోసారి శాంపిల్ తీయించండి. మసి, ఇనుము పెరుగుతూ పోయి ఒక చోట నిలబడాలి. నిలబడకుండా ఎక్కుతూనే ఉంటే వాల్వు పనిచేయడం లేదు, లేదా ఇంజన్‌లో ఏదో జరుగుతోంది.

పుస్తకం

ఒక కాంట్రాక్టు షెడ్డులో నేను పనిచేసిన రోజుల్లో ఈ ఏర్పాటున్న బండి ఒకటి ఉండేది. డ్రైవర్లు ప్రతి షిఫ్టు డిప్‌స్టిక్ చూసేవాళ్లు, లెవెల్ ఎప్పుడూ సరిగ్గా ఉండేది. ట్యాంకు నింపే కుర్రాడు నాలుగు రోజులకు నింపేవాడు కాస్తా మూడు, తర్వాత రెండు రోజులకే నింపసాగాడు. ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని అతనికి ఎవరూ చెప్పలేదు. టర్బో సీలు నుంచి ఆయిల్ పోతోంది. పాత పద్ధతిలో అయితే డిప్‌స్టిక్ మొదటి వారంలోనే చెప్పేసేది. మా బండిలో లెవెల్ పరికరం ఆ లోటును నింపుతూ పోయింది. చివరికి ఒక రాత్రి ర్యాంపు ఎక్కుతుండగా టర్బో పోయింది, ముక్కలు ఇంటర్‌కూలర్ దాకా వెళ్లాయి. తర్వాత ఆయిల్ ఇష్యూ చిట్టాలు తీసి చూస్తే నెల రోజుల కిందటి నుంచే అంతా రాసి ఉంది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధేస్తుంది.

అందుకే ట్యాంకు పక్కనే ఒక పుస్తకం కట్టండి. ప్రతి షిఫ్టుకు ఒక్క గీత: తేదీ, ఇంజన్ గంటలు, ట్యాంకు మట్టం, పోసిన లీటర్లు, డిప్‌స్టిక్ మట్టం, రాసినవాళ్ల సంతకం. వారానికోసారి ఇంజనీరు మొత్తం కూడి, గంటలతో భాగించాలి. మన లెక్కలో అది 0.5 రావాలి. 0.6 దాటితే ఎక్కడో కారుతోంది లేదా కాలుతోంది. 0.3 కిందికి పడితే మార్చే వాల్వు మూసుకుపోయింది, లేదా అంతకన్నా చెడ్డ సంగతి, డీజిలో నీళ్లో కలిసి లోపలి మట్టాన్ని నిలబెడుతున్నాయి.

ఈ రెండోదాన్ని పట్టేది డిప్‌స్టిక్కే. లెవెల్ పరికరాల్లో చాలా వాటికి పోయడమే తెలుసు, మట్టం పెరిగితే చెప్పడం తెలియదు. మట్టం పెరిగితే బండి ఆపి రెండు చిన్న పరీక్షలు చేయండి. ఆయిల్ చుక్కను కాలే రేకు మీద వేస్తే చిటపటలాడితే నీళ్లు. వడపోత కాగితం మీద చుక్క వేసి రాత్రంతా వదిలితే, మధ్యలో కాటుక బొట్టులా గట్టి అంచుతో నల్లగా నిలిచిపోతే మసిని మోసే శక్తి ఆయిల్‌కు పోయింది. చుట్టూ మెత్తగా బూడిద రంగులో పరుచుకుంటే ఇంకా ఉంది.

మొత్తం ఎప్పుడు దింపాలి

కూలెంట్ కలిసినా, డీజిల్ ఎక్కువగా కలిసినా, బేరింగో టర్బోనో పోయినా ఇంకేం ఆలోచించకుండా మొత్తం దింపి కడగాలి. ఇవేవీ లేకపోయినా ఇంజన్ కంపెనీ రాసిచ్చిన గంటలకు ఒకసారి దింపాల్సిందే. మెయిన్ ఫిల్టర్ల గడువు వేరు, వాటిని ఆయిల్‌తో ముడిపెట్టకండి. ఆయిల్ దింపడం లేదు కదా అని ఫిల్టర్ గడువు మరిచిపోయిన షెడ్డులు చాలా ఉన్నాయి, ఫిల్టర్ మూసుకుంటే లోపలి రిలీఫ్ వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళ్తుంది. ఫిల్టర్ తేదీకి పుస్తకంలో ఒక పేజీ విడిగా పెట్టండి.

దింపిన ఆయిల్‌ను కందకంలో పోయడం, సెంట్రింగ్ పనివాళ్లకు ఇచ్చేయడం వద్దు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద అది అనుమతి ఉన్న రీసైక్లర్‌కే వెళ్లాలి. డ్రమ్ములకు మూతలు బిగించి, నీడలో, కింద సిమెంటు గచ్చు మీద ఉంచి, ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకుని అదే పుస్తకంలో అంటించండి.